సరిహద్దు గేటు మూసే ముందు కారణం, గడువు రాసి చూపండి: తూర్పు ఆఫ్రికా కూటమి దేశాధినేతలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తూర్పు ఆఫ్రికా కూటమి దేశాధినేతలకు, మంత్రిమండలి సభ్యులకు, అరూషాలోని సచివాలయ అధికారులకు,

నమస్కారం. నేను ఉగాండా రాజధాని కంపాలాలో సరుకు రవాణా, కస్టమ్స్ క్లియరింగ్ పనులు చూసే ఒక చిన్న సంస్థలో 16 ఏళ్లుగా లెక్కలు రాస్తున్న తెలుగువాణ్ని. సరిహద్దుల్లో సరుకు ఆగి నష్టపోయిన చిల్లర వర్తకుల తరఫున మేము కొందరం కలిసి రెండు అర్జీలు పెట్టుకున్నాం. మొదటిదానికి అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు, రెండోదానికి అదీ లేదు. ఏ కార్యాలయమో ఇక్కడ రాయను, ఎందుకంటే తప్పు కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తాది కాదు. ఇంగ్లీషులో రాసిన అర్జీలు అలా ఉండిపోయాయి కనుక ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని అరూషాకు పంపి, తెలుగు ప్రతిని నలుగురూ చదివేలా బయట పెడుతున్నాను. కంపాలా, నైరోబీ, దారెస్సలాం, కిగాలీ నగరాల్లో దుకాణాల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ మందుల కంపెనీల్లోనూ పనిచేసే మావాళ్ల జీతాలు కూడా ఈ గేట్ల మీదే ఆధారపడి ఉన్నాయి.

పరాయి దేశస్థుడికి ఈ విషయంతో ఏం పని అని మీలో ఎవరికైనా అనిపిస్తే, మీ ఒప్పందం 30వ అధికరణం ఒక్కసారి చూడమని మనవి. సభ్యదేశం చేసిన చట్టంగానీ, ఇచ్చిన ఆదేశంగానీ ఒప్పందానికి విరుద్ధమని తోస్తే సభ్యదేశంలో నివసించే ఏ వ్యక్తి అయినా తూర్పు ఆఫ్రికా న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చని అందులో ఉంది. పౌరుడై ఉండాలని లేదు. ఇంత ఉదారమైన నియమం పెట్టుకున్నందుకు మిమ్మల్ని మనస్ఫూర్తిగా అభినందిస్తూ, ఆ నియమం ఇచ్చిన ధైర్యంతోనే రాస్తున్నాను.

మీరు చేసిన మేలు మరచిపోయి రాస్తున్న లేఖ కాదిది. 2005లో కస్టమ్స్ యూనియన్, 2010లో ఉమ్మడి మార్కెట్, 2014లో ఒకే కస్టమ్స్ ప్రాంతం వచ్చాయి. నేను వచ్చిన కొత్తలో మలబా సరిహద్దులో లారీ కెన్యా వైపు ఒకసారి, ఉగాండా వైపు మరోసారి కాగితాలు చూపించుకుని, వరుసలో రెండు మూడు రోజులు నిలబడడం మామూలు సంగతి. డ్రైవరూ, ఇక్కడ టర్న్‌బాయ్ అని పిలిచే క్లీనరూ లారీ కింద బొగ్గుల కుంపటి రాజేసి పోషో (మొక్కజొన్న పిండి ముద్ద) వండుకునేవారు. ఇప్పుడు కెన్యాలోని మొంబాసా రేవులోంచి సరుకు కదిలే ముందే ఉగాండా పన్ను కట్టేస్తాం, సరిహద్దులో రెండు దేశాల అధికారులూ ఒకే కప్పు కింద కూర్చుంటారు. కూటమి అంటే ఏమిటో మాకు అర్థమైంది అక్కడే.

మా ఫిర్యాదు సుంకాల గురించి కాదు. మీరు వర్తకం గురించి ఒక సభలో, సైన్యాల గురించి మరో సభలో మాట్లాడుకుంటున్నారు. గేటు దగ్గర నిలబడినవాడికి మాత్రం ఆ రెండూ ఒకటే. రెండు ప్రభుత్వాలకు మాట పడకపోతే మొదట పడేది ఆ గేటే. సుంకం సున్నా అని రాసిన కాగితం జేబులో ఉన్నా లారీ ఇటే ఉండిపోతుంది. దాని ఫలితాలు ఎవరి మీద ఎలా పడ్డాయో కింద రాస్తున్నాను.

1. గతూనా గేటు. ఆఫ్రికా ఖండమంతటికీ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం ఏర్పాటు చేసే ఒప్పందం మీద 2018 మార్చి 21న 44 దేశాలు సంతకాలు చేసింది రువాండా రాజధాని కిగాలీ నగరంలోనే. ఏడాది కూడా నిండకముందే, 2019 ఫిబ్రవరిలో, ఆ నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉగాండా సరిహద్దున ఉన్న గతూనా గేటు మూతపడింది. గేటు దగ్గర కట్టడం పనులు జరుగుతున్నాయని, లారీలు కగితుంబా అనే మరో గేటు మీదుగా చుట్టు తిరిగి రావాలని మొదట చెప్పారు. తరువాత తమ పౌరులు ఉగాండా వెళ్లవద్దని రువాండా ప్రభుత్వం హెచ్చరించింది. గూఢచర్యం, అక్రమ నిర్బంధాలు, తిరుగుబాటుదారులకు ఆశ్రయం అంటూ రెండు ప్రభుత్వాలూ ఒకదాని మీద ఒకటి ఆరోపణలు చేసుకున్నాయి. వాటిలో నిజమెంతో తేల్చే స్తోమత నాకు లేదు. గేటు తిరిగి తెరుచుకున్నది 2022 జనవరి 31న, అంటే దాదాపు మూడేళ్లకు.

ఆ మూడేళ్లలో ఒకసారి పని మీద ఉగాండా వైపున్న కతూనా ఊరికి వెళ్లాను. లాడ్జీల తలుపులకు తాళాలు, డబ్బు మార్చే బల్లల మీద దుమ్ము, కాళ్లు చాపుకుని ఎండలో కూర్చున్న బోడాబోడా (బాడుగ మోటారు సైకిల్) కుర్రాళ్లు. కబలె కొండల్లో పండే బంగాళాదుంపను ఇక్కడ అందరూ ‘ఐరిష్’ అంటారు. రువాండా వెళ్లవలసిన ఐరిష్ బస్తాలు ఒక చావడిలో మొలకలు వేసి ఉన్నాయి. వాటి యజమానురాలు బస్తా మూతి విప్పి చూపించి, మళ్లీ కట్టేసింది తప్ప ఒక్క మాట కూడా అనలేదు. రాత్రిపూట దొడ్డిదారిన దాటబోయి కాల్పుల్లో చనిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ దొడ్డిదారులను ఇక్కడ ‘పాన్యా’ దారులంటారు. స్వాహిలీలో పాన్యా అంటే ఎలుక. గేటు మూస్తే వర్తకం ఆగిపోదు, ఎలుక దారి పడుతుంది. పెద్ద కంపెనీ టాంజానియా మీదుగా సరుకు తిప్పుకోగలదు. తల మీద గంపతో బయలుదేరిన మనిషికి ఉన్నది పాన్యా దారి ఒక్కటే.

ఇది ఒక్క గేటు కథ కాదు. బురుండి 2024 జనవరిలో రువాండాతో సరిహద్దు మూసేసింది. వెనక్కి వెళితే, పాత కూటమి 1977లో కూలిపోయినప్పుడు టాంజానియా మూసిన కెన్యా సరిహద్దు 1983 దాకా తెరుచుకోలేదు. మా సంస్థకు సరుకు ఇచ్చే ఒక గుజరాతీ పెద్దాయన, 1972లో ఇడీ అమీన్ ఆసియావాసులను వెళ్లగొట్టినప్పుడు కుర్రవాడు, ఈ మాట వచ్చినప్పుడల్లా నవ్వుతూ అంటారు: ‘మాకు 90 రోజుల గడువైనా ఇచ్చారయ్యా.’

2. కాంగో తూర్పు ప్రాంతం. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇది. కాంగో 2022లో మీ కూటమిలో చేరినప్పుడు కంపాలాలోని కికూబో టోకు బజారులో అందరం సంతోషించాం, ఎందుకంటే ఆ ఇరుకు సందుల్లో సబ్బులు, నూనె డబ్బాలు, ప్లాస్టిక్ బకెట్లు, బట్టల బేళ్లు కొనుక్కుపోయేవారిలో కాంగో వర్తకులు ముఖ్యులు. ఆ ఏడాది జూన్‌లోనే ఉగాండా సరిహద్దున ఉన్న బునగనా పట్టణాన్ని ఎం23 తిరుగుబాటుదారులు పట్టుకున్నారు. నవంబరులో మీరు ఉమ్మడి సైన్యాన్ని పంపారు. కెన్యా, ఉగాండా, బురుండి, దక్షిణ సూడాన్ సైనికులు వెళ్లారు. ఆ సైన్యం తిరుగుబాటుదారులతో పోరాడాలా, మధ్యలో నిలబడాలా అన్న ప్రశ్నకు పంపినవారు ఒకటి, పిలిచినవారు మరొకటి అనుకున్నారు. 2023 డిసెంబరులో కాంగో ఆ సైన్యాన్ని సాగనంపి, ఆఫ్రికా దక్షిణ ప్రాంత దేశాల కూటమి సైన్యాన్ని తెచ్చుకుంది. అందులో టాంజానియా సైనికులు ఉన్నారు. ఎం23 వెనుక రువాండా ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులు నివేదికలిచ్చారు, రువాండా కాదంటోంది. అంటే ఒకే కూటమిలోని సభ్యులు ఒకే యుద్ధంలో ఎదురెదురు పక్షాల దగ్గర కనిపించారు. ఇది చూసిన మామూలు మనిషికి కూటమి అన్న మాట మీద నమ్మకం ఎలా నిలుస్తుందో మీరే చెప్పాలి.

2025 జనవరి చివరలో గోమా, ఫిబ్రవరిలో బుకావు, తూర్పు కాంగోలోని ఈ రెండు నగరాలూ ఎం23 చేతిలో పడిపోయాయి. ఫిబ్రవరి 8న దారెస్సలాంలో రెండు కూటముల నేతలూ కలిసి కూర్చున్నారు. ఆ తరువాత చర్చలు దోహాకు, వాషింగ్టన్‌కు వెళ్లిపోయాయి. మన ఇంటి తగువు పొరుగూరి పంచాయతీకి ఎక్కింది. డిసెంబరు 4న కాంగో, రువాండా అధ్యక్షులు వాషింగ్టన్‌లో సంతకాలు చేశారు, వారం తిరగకముందే టాంగన్యీకా సరస్సు ఒడ్డున బురుండి నగరం బుజుంబురాకు ఎదురుగా ఉన్న ఉవీరా ఎం23 చేతికి పోయింది.

నేను 2018లో రువాండా సరిహద్దు పట్టణం రుబావు వెళ్లినప్పుడు, గోమాకు దారితీసే ‘చిన్న గేటు’ దగ్గర తెల్లవారుజామున నిలబడి చూశాను. గేటు ఎత్తేసరికి వేలమంది ఒక్కసారిగా కదిలారు, ఎక్కువమంది ఆడవాళ్లే. తలల మీద టమాటా బేసిన్లు, కర్రపెండలం మూటలు, వీపున బిడ్డలు. నడవలేనివారు చేత్తో తిప్పి నడిపే మూడు చక్రాల బళ్ల మీద మనిషి కనపడనంత ఎత్తున బస్తాలు పేర్చి, వెనక నుంచి ఇద్దరు ముగ్గురు తోస్తున్నారు. ఉదయం అమ్మిన టమాటా డబ్బుతో సాయంత్రం ఉప్పు, నూనె కొనుక్కుని ఇల్లు చేరే లెక్క వాళ్లది. ఒక్క పూట గేటు పడితే ఆ రాత్రి పొయ్యి వెలగదు. గోమా పడిపోయాక అక్కడ బ్యాంకులు మూతపడ్డాయి, విమానాశ్రయం మూతపడింది. మా ద్వారా సరుకు తెప్పించుకునే గోమా వర్తకురాలు ఒకామె, డబ్బు పంపే దారిలేక తెలిసినవాళ్ల చేతికి నోట్ల కట్టలిచ్చి కంపాలాకు పంపసాగింది. రెండోసారి పంపిన డబ్బు మాకు చేరలేదు. ఆమె అప్పు మా ఖాతా పుస్తకంలో ఇంకా అలాగే ఉంది. వసూలు చేయమని నేను ఎవరినీ పంపలేదు, పంపను.

3. మొక్కజొన్న, పాలు, కోడిపిల్లలు. భద్రత పేరుతోనే కాదు, ఆరోగ్యం పేరుతో కూడా గేట్లు పడుతున్నాయి. 2017లో కెన్యా నుంచి వచ్చిన 6,400 కోడిపిల్లలను బర్డ్ ఫ్లూ భయంతో టాంజానియా అధికారులు నమంగా సరిహద్దు దగ్గర కాల్చేశారు. 2020 ఆరంభంలో ఉగాండా పాలను కెన్యాలో పట్టుకున్నారు. 2021 మార్చి 5న, అఫ్లాటాక్సిన్ ఎక్కువగా ఉందంటూ కెన్యా ప్రభుత్వం ఉగాండా, టాంజానియాల మొక్కజొన్నను నిషేధించి, కొద్ది రోజులకే షరతులతో సడలించింది. అఫ్లాటాక్సిన్ అంటే మా అనంతపురం వేరుశనగ రైతులకు బాగా తెలిసిన బూజు విషమే. అది ప్రమాదకరం కాదని ఎవరూ అనరు. తడి ఆరని గింజను నిలవ చేస్తే వస్తుంది; కాబట్టి కెన్యా పొలంలోనూ వస్తుంది, ఉగాండా పొలంలోనూ వస్తుంది. గింజను పరీక్షించకుండా దేశాన్నే నిషేధిస్తే ఆరబెట్టి తెచ్చిన రైతూ, తడిగా తెచ్చిన రైతూ ఒకే నష్టం మోస్తారు. సడలింపు వచ్చేలోగా బస్తా ధర సగానికి అడిగే దళారి మాత్రం ఎప్పుడూ గేటు దగ్గరే ఉంటాడు.

4. జూబా దారి. జూబా రాజధానిగా ఉన్న దక్షిణ సూడాన్ 2016 నుంచి సభ్యదేశం. ఉగాండా వైపున్న ఎలేగు గేటు దాటాక లారీల మీద కాల్పులు, అడుగడుగునా తాళ్లు కట్టి వసూళ్లు. 2021లో డ్రైవర్లు చనిపోయాక మిగిలినవాళ్లు మేము వెళ్లమని లారీలు నిలిపేశారు. మా లారీ కూడా అందులో ఒకటి.

5. బతకడానికి వెళ్లిన మనిషి. 2025 జూలై చివరలో టాంజానియా ప్రభుత్వం 15 రకాల చిన్న వ్యాపారాలను విదేశీయులు చేయరాదని ఆదేశం ఇచ్చింది: మొబైల్ మనీ, ఫోన్ రిపేరు, సెలూన్, టూరిస్టు గైడు పని, చిన్న గనులు వగైరా. మాలాంటి బయటివాళ్లను ఆపితే అది ఆ దేశం ఇష్టం, నేను తప్పుపట్టను. స్థానికుల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారన్న కోపం ఎక్కడైనా ఉంటుంది, మా ఊళ్లలోనూ ఉంది. కానీ ఉమ్మడి మార్కెట్ ప్రోటోకాల్ ప్రకారం సాటి సభ్యదేశాలవారికి వెళ్లే హక్కు, స్థిరపడే హక్కు ఉన్నప్పుడు కెన్యావాసినీ, ఉగాండావాసినీ మాతో కలిపి విదేశీయుడని అనడం సమంజసమేనా అన్నది ప్రశ్న. కెన్యా అభ్యంతరం చెప్పింది. సచివాలయం ఏం తేల్చిందో దారెస్సలాంలో సెలూన్ మూసుకున్న కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు.

ఇక మా కోరికలు. గేట్లు ఎన్నడూ మూయవద్దని మేము అడగడం లేదు. 2023 జూన్‌లో ఏడీఎఫ్ అనే తిరుగుబాటు ముఠా ముష్కరులు కాంగో సరిహద్దు దాటి వచ్చి, ఉగాండాలోని మ్పోండ్వే దగ్గర బడి మీద పడి 40 మందికి పైగా ప్రాణాలు తీశారు, వారిలో ఎక్కువమంది విద్యార్థులు. ఆ వార్త విన్న ఏ తల్లీ సరిహద్దులో సైన్యం వద్దనదు. మేము అడిగేది ఒక పద్ధతి, అంతే.

ఒకటి: కస్టమ్స్ యూనియన్ ప్రోటోకాల్ 22వ అధికరణం ప్రకారం, భద్రత వంటి కారణాలతో ఆంక్షలు పెట్టదలచిన దేశం ముందుగా కూటమి ప్రధాన కార్యదర్శికి తెలియజేయాలి. ఆ నోటీసును ఇకపై ఇంగ్లీషులోనూ స్వాహిలీ, ఫ్రెంచి భాషల్లోనూ అదే రోజు బయట పెట్టండి, గేటు గోడకు కూడా అంటించండి. అందులో కారణం ఉండాలి, ఎన్నాళ్లన్న గడువు ఉండాలి. 30 రోజులు దాటితే మంత్రిమండలి ముందు మళ్లీ కారణం చూపాలి, చూపలేకపోతే గేటు తెరుచుకోవాలి. నోటీసు లేకుండా మూసిన గేటు వల్ల సరుకు కుళ్లిపోతే, డెమరేజీ (ఆలస్యపు రుసుము) పడితే, మూసిన ప్రభుత్వమే భరించాలి. మాకు అన్నిటికన్నా ముఖ్యమైన కోరిక ఇదే, మిగిలినవి దీని తరువాతే.

రెండు: 2,000 డాలర్లలోపు సరుకుకు సులభ పద్ధతి మీరే పెట్టారు. ఆ గంపలవాళ్లకు, యుద్ధం దగ్గరపడ్డప్పుడు సైతం, రోజుకు కొన్ని గంటలపాటు సోదా చేసి పంపే దారి ఒకటి తెరిచి ఉంచండి. సోదా ఎంత కఠినంగా చేసినా వాళ్లు కాదనరు, అలవాటుపడ్డవాళ్లే. గేటు మూసి ఎలుక దారులకు తోలితే సోదా చేసే అవకాశం మీకూ పోతుంది.

మూడు: ఆహార పదార్థాల మీద నిషేధాన్ని దేశం పేరుతో కాకుండా లాటు పేరుతో పెట్టండి. ముఖ్యమైన గేట్ల దగ్గర రెండు దేశాలూ ఒప్పుకున్న పరీక్షశాల ఉండాలి, ఫలితం 48 గంటల్లో చేతికి రావాలి.

నాలుగు: ఉమ్మడి సైన్యాన్ని మళ్లీ ఎక్కడికైనా పంపితే, ఏం చేయడానికి పంపుతున్నారో పంపే ముందే రాసుకోండి. ఖర్చు ఎవరిదో కూడా రాసుకోండి. సభ్యదేశాలు చందాలు బాకీపడి శాసనసభ సమావేశాలే ఆగిపోతున్న కూటమి సైన్యాన్ని ఎలా పోషిస్తుందని ఇక్కడ టీ కొట్టు దగ్గర కూడా అడుగుతున్నారు. శాంతిభద్రతలే ఆర్థికాభివృద్ధికి ముందు షరతని మీ ఒప్పందం 124వ అధికరణం చెబుతోంది కనుక, రక్షణ మంత్రులూ వాణిజ్య మంత్రులూ ఏడాదికి రెండుసార్లయినా ఒకే బల్ల దగ్గర కూర్చుని, మూసి ఉన్న ప్రతి గేటు గురించీ విడివిడిగా చర్చించాలి.

ఐదు: న్యాయస్థానానికి వెళ్లడానికి 30వ అధికరణం పెట్టిన గడువు రెండే నెలలు. కతూనాలో బంగాళాదుంపలమ్మే మనిషికి అరూషా ఎక్కడుందో తెలిసేసరికే ఆ గడువు దాటిపోతుంది. గేటు మూసి ఉన్నన్నాళ్లూ ఫిర్యాదు చేసే హక్కు ఉండేలా, సరిహద్దు పట్టణాల్లోనే అర్జీ తీసుకునేలా సవరణ తీసుకురండి. టాంజానియా ఆదేశం ప్రోటోకాల్‌కు లోబడి ఉందో లేదో సచివాలయం తన అభిప్రాయాన్ని రాతపూర్వకంగా ప్రకటించాలి.

ఇవన్నీ ఎనిమిది దేశాల కూటమికి చిన్న విషయాలని, ఖండమంతటి స్వేచ్ఛా వాణిజ్యం వచ్చాక అవే సర్దుకుంటాయని ఒక సభలో పెద్దలొకరు అనగా విన్నాను. ఆ ఖండ ఒప్పందం మీద 54 దేశాలు సంతకం చేశాయి. ప్రాంతీయ కూటములే తనకు పునాది రాళ్లని ఆ ఒప్పందమే చెబుతుంది. మొంబాసా నుంచి కిగాలీకి దారిలో నిలబడని నియమం అక్రాలోని ఆ ఖండ ఒప్పంద సచివాలయంలో రాసినంత మాత్రాన కైరో నుంచి కేప్‌టౌన్ దాకా నిలబడుతుందని నమ్మడానికి మా దగ్గర ఆధారం లేదు. పాత కూటమి ఎందుకు కూలిందో 1999 ఒప్పందం పీఠికలో మీరే రాసుకున్నారు: గట్టి రాజకీయ సంకల్పం లేకపోవడం, ప్రజలకూ వర్తకులకూ పాత్ర లేకపోవడం, లాభాలు సమానంగా పంచుకోకపోవడం. రెండో కారణం గురించే ఈ లేఖ.

మా రెండు అర్జీల నకళ్లు, 37 మంది వర్తకుల సంతకాలు, నష్టం లెక్కలు ఇంగ్లీషు ప్రతికి జతచేశాను. గోమా వర్తకురాలి లెక్క అందులో చివరి పేజీలో ఉంది, ఆమె అనుమతితోనే. రాబోయే శిఖరాగ్ర సభ ఎజెండాలో మొదటి కోరికను చేర్చారో లేదో ఒక్క వాక్యంలో తెలియజేసినా చాలు. చేర్చకపోతే, ఇప్పుడు మూసి ఉన్న గేట్లలో ఒకదాని మీద 30వ అధికరణం కింద అర్జీ వేయడానికి మా వర్తకులు చందాలు వేసుకుంటున్నారని కూడా ముందుగానే మనవి చేస్తున్నాను.

విధేయుడు,
సరుకు రవాణా సంస్థలో లెక్కలు రాసే ఒక తెలుగువాడు,
కంపాలా